వినేవారు ఉన్న ఇల్లు

మా మలబారు పల్లెలలో బడిపంతులును పేరు పెట్టి పిలిచేవారు లేరు. పసివారు మొదలు పండుముసలి వరకు అందరికీ అతడు 'మాష్'. నేను పదవీ విరమణ చేసి చాలా కాలమైంది. అయినా దారిలో ఎదురుపడినవారు నేటికీ నన్ను ఆ పేరుతోనే ఆపుతారు. ఆపి అడిగే ప్రశ్న కూడ ఎప్పుడూ ఒకటే. "మాషే, ఏమి చేస్తే మా పిల్లవాడు ఇంటి దగ్గర పుస్తకం పట్టుకొంటాడు?" నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ప్రశ్న అడిగినవారు, పిల్లవాడు ఆటస్థలం విడిచి రావడం లేదని చెప్పేవారు. తర్వాతివారు టెలివిజను మీద నేరం మోపారు. ఇప్పటివారు తమ చేతిలోని ఫోను చూపిస్తారు. నేరస్థుడు మారుతున్నాడు గాని ఫిర్యాదు మారడం లేదు.

ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో సమాధానం చెప్పే శక్తి నాకు ఏనాడూ కలుగలేదు. చెప్పవలసివస్తే మూడు చోట్ల సంగతి చెప్పాలి. వాటిలో మొదటిది ఇల్లు కాదు, బీడీ కార్ఖానా. అక్కడ నేను చదవడం నేర్చుకొన్నాను. రెండవది నా ఇల్లు. అక్కడ నేను ఓడిపోయాను. మూడవది నేను అవమానించిన ఒక చిన్నపిల్ల ఇల్లు. అక్కడ నాకు బుద్ధి వచ్చింది. పాఠకులు ఓపిక పట్టి వింటే, ఆ మూడింటిని ఉన్నవి ఉన్నట్టుగా చెబుతాను.

మా నాన్న బీడీలు చుట్టేవాడు. కణ్ణూరు చుట్టుపట్ల ఆ రోజులలో వేలకొలది కుటుంబాలకు అదే జీవనాధారం. పొడవాటి పెంకుటింటిలో ఇరవై ముప్పయిమంది బారులు తీరి కూర్చొనేవారు. ఒక్కొక్కరి ఒడిలో ఒక చాట, చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, పక్కన పొగాకు, దారపు ఉండ. ఆకు తీసి, పొగాకు పరచి, చుట్టి, కొన మడిచి, దారం కట్టడం. ఇదంతా రెప్పపాటులో జరిగిపోయేది. చేతులకు క్షణం తీరిక లేదు. కళ్ళు చేతులను విడిచిపెట్టలేవు. అయితే చెవులకు మాత్రం ఉదయం నుంచి సాయంకాలం వరకు ఏ పనీ లేదు.

ఆ చెవులకు పని కల్పించడానికి మావాళ్ళు ఒక ఏర్పాటు చేసుకొన్నారు. తమలో బాగా చదవగలవానిని ఒకనిని ఎన్నుకొని, అతనిచేత బిగ్గరగా చదివించుకొనేవారు. ఉదయం వార్తాపత్రికలు, మధ్యాహ్నం నవలలు, కథలు. చదివేవాడు ఆ సమయంలో బీడీలు చుట్టలేడు గనుక అతని కూలి పోకుండా తక్కినవారు తలా కొన్ని బీడీలు అతని లెక్కలో వేసేవారు. ఈ పద్ధతిని యజమాని పెట్టలేదు, ప్రభుత్వమూ పెట్టలేదు. రోజుకూలి మీద బ్రతికేవారు తమ కష్టఫలంలో ఒక భాగం కోసి, వినడం కోసం వెచ్చించేవారు. ఉత్తర కేరళంలో దీనిని ఎరుగనివారు లేరు.

1962 వేసవిలో మా కార్ఖానాలో చదివే ఆయనకు కామెర్లు వచ్చాయి. అప్పుడు నాకు పదకొండేళ్ళు. బడికి సెలవులు. మా నాన్న నన్ను వెంటబెట్టుకొనిపోయి ఒక బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి పత్రిక ఇచ్చాడు. మొదటి వాక్యంలోనే మూడు చోట్ల తడబడ్డాను. ఎవరూ నవ్వలేదు. ఒక ముసలాయన తల ఎత్తకుండానే, "అబ్బాయీ, నీవు అక్షరాలు చదువుతున్నావు. మాకు సంగతి కావాలి. మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వాక్యం చివరి దాకా కంటితో ముందే చూసుకొని, అది ఏమి చెబుతోందో తెలుసుకొని, అప్పుడు నోరు తెరిచాను. చదవడమంటే ఏమిటో నాకు తెలిసిన క్షణం అది. నాలుగు సంవత్సరాల బడిచదువు నేర్పలేనిది ఆ ముసలాయన మూడు మాటలలో నేర్పాడు.

మధ్యాహ్నం బషీర్ 'బాల్యకాలసఖి' చదవవలసివచ్చింది. అంత చిన్న పుస్తకం అందరినీ అంత నిశ్శబ్దంగా కూర్చోబెట్టగలదని నేను ఊహించలేదు. సాయంకాలం పని ముగిసే వేళకు కథ నడిమధ్యలో ఆపవలసివచ్చింది. మరునాడు నేను గడప దాటేసరికి ఒకాయన, "నిన్న ఎక్కడ ఆపావో గుర్తుందా?" అని అడిగాడు. నాకు గుర్తు లేదు. ఆయన మాత్రం చివరి మాటతో సహా చెప్పాడు. రాత్రంతా ఆ కథ ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి నేను ఎవరూ చెప్పకుండానే పుస్తకం ఇంటికి తెచ్చుకొన్నాను. మరునాడు చదవవలసిన పుటలు ముందుగా ఒకసారి చదువుకోకపోతే ఇరవైమంది ఎదుట తడబడవలసి ఉంటుంది. కిరసనాయిలు దీపం దగ్గర కూర్చొని మా నాన్నమ్మకు చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు అక్షరాలు రావు. అయినా కర్కాటక మాసంలో, వాన ఎడతెరిపి లేకుండా కురిసే ఆ నెల రోజులూ, మా ప్రాంతంలో దీపం ముందు ఎళుత్తచ్ఛన్ 'అధ్యాత్మ రామాయణం' చదివే ఆచారం ఉంది. ఇంట్లో ఎవరో ఒకరు చదువుతుంటే, ఆమె తనకు కంఠస్థమైన పాదాలను ముందుగానే అందుకొనేది. ఆ కావ్యాన్ని 'కిళిప్పాట్టు' అంటారు, అంటే చిలుక పాట. కవి చిలుకను పిలిచి కథ చెప్పమని అడుగుతాడు, చిలుక చెబుతుంది. చెప్పేవారు, వినేవారు ఇద్దరూ ఉంటేగాని కథ లేదని మా భాష ఆదికవే ఒప్పుకొన్నాడన్నమాట. ఈ అర్థం అప్పుడు నాకు తట్టలేదు. నాన్నమ్మ "ఊఁ" కొట్టడం ఆపితే నిద్రపోయిందని తెలుసుకొని, అక్కడ వేలు పెట్టి పుస్తకం మూసేవాణ్ణి.

ఆ సంవత్సరమే అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. సెలవు దినాలలో నన్ను మళ్ళీ పిలిచారు. సరిహద్దులోని ఊళ్ళ పేర్లు నా నోరు తిరిగేవి కావు. ఒక్కొక్క పేరు రెండుసార్లు చెప్పించుకొని, ఆ ఊరు ఎక్కడ ఉందని అడిగేవారు. సమాధానం చెప్పడానికి బడిలోని పటం ముందు నిలబడి వెదికేవాణ్ణి. ఇంటి దగ్గర చదవమని, పటం చూడమని ఆ రోజులలో నాకు ఎవరూ చెప్పలేదు. రేపు నా కోసం ఎవరో ఎదురుచూస్తారనే తలంపు ఒక్కటే నన్ను చదివించింది.

ఆ కార్ఖానా తర్వాత నిలవలేదు. కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చిన తర్వాత పెద్ద యజమానులు 1968లో పని మూసివేశారు. వేలమంది వీధిన పడ్డారు. 1969లో కార్మికులు దినేశ్ బీడీ అనే తమ సహకార సంఘం పెట్టుకొన్నారు. అక్కడ కూడ చదివే పద్ధతి కొనసాగింది. ఇప్పుడు బీడీలు చుట్టేవారు తగ్గిపోయారు. సంఘం గొడుగులు, తినుబండారాలు, దుస్తులు తయారుచేస్తున్నది. అది మంచిదే. మా నాన్న పొగాకు దుమ్ముతో దగ్గి దగ్గి పోయాడు. ఆ చేతులు చుట్టిన వస్తువును నేను పొగడలేను. ఆ చెవులు విన్నదానిని మాత్రం మరువలేను.

ఇంత తెలిసిన నేను 1973లో పంతులునై ఏమి చేశానో ఇక చెప్పాలి.

చదువు చెప్పే కుర్చీకి ఒక గుణం ఉంది. అందులో కూర్చొన్నవాడు తాను నేర్చుకొన్న విధం మరచిపోతాడు. పిల్లలు ఇంటి దగ్గర పుస్తకాలు చదవాలనే కోరికతోనే నేను ఒక నియమం పెట్టాను. వారానికొక పుస్తకం చదవాలి. దాని సారాంశం నోటు పుస్తకంలో పది వాక్యాలకు తగ్గకుండా వ్రాయాలి. కింద తల్లి గాని తండ్రి గాని సంతకం చేయాలి. ఎక్కువ పుస్తకాలు చదివినవారికి సంవత్సరాంతంలో బహుమతి. పై అధికారులు వచ్చి చూసి మెచ్చుకొన్నారు. నేను పొంగిపోయాను. ఒకే సారాంశం పన్నెండు నోటు పుస్తకాలలో ఒకే అక్షరదోషంతో కనిపించినప్పుడు కూడ నాకు అనుమానం రాలేదు, పిల్లలను మందలించానంతే.

1986లో మూడవ తరగతిలో ఇద్దరు పిల్లలు ఉండేవారు. ఒకడు నా కొడుకు. రెండవది ఏటి ఒడ్డు నుంచి వచ్చే ఒక పిల్ల. తండ్రి లేడు. తల్లి కొబ్బరి ఆకులు అల్లి, ఇళ్ళ కప్పులకు అమ్ముకొని బ్రతికేది. నా కొడుకు నోటు పుస్తకంలో ప్రతి వారం నా సంతకమే ఉండేది. ఒక సోమవారం ఆ పిల్ల తెచ్చిన నోటు పుస్తకంలో సారాంశం నాలుగు వాక్యాలే ఉంది. దాని కింద సంతకానికి బదులు నల్లని వేలిముద్ర ఉంది.

"ఇది చెల్లదు" అన్నాను. "చదివినావో లేదో చెప్పగలిగినవారు సంతకం చేయాలి. చదువు రానివారి వేలిముద్ర దేనికి సాక్ష్యం?"

తరగతి నవ్వింది. నా కొడుకు కూడ నవ్వాడు. ఆ పిల్ల నోటు పుస్తకం తీసుకొని వెళ్ళి తన చోట కూర్చొన్నది. తర్వాత ఏనాడూ దానిని నాకు చూపలేదు. ఆ సంవత్సరం బహుమతి నా కొడుకుకే వచ్చింది.

వాడి సంగతి కూడ చెప్పాలి. మా ఇంట్లో అద్దాల బీరువా నిండ పుస్తకాలు ఉండేవి. ప్రతి సాయంకాలం వాడు ఒక గంట చదివి తీరాలి. చదివిన తర్వాత నా ఎదుట నిలబడాలి. ఈ కథలోని నీతి ఏమిటి? ఈ పాత్రను గురించి నీ అభిప్రాయం ఏమిటి? ఈ పదానికి అర్థం ఏమిటి? వాడు చక్కగా చెప్పేవాడు. వాడు చెబుతున్నప్పుడు నేను తప్పుల కోసం మాత్రమే వినేవాణ్ణి. పదవ తరగతి పరీక్ష ముగిసిన నాడు వాడు బీరువా తాళంచెవి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత పాఠ్యపుస్తకం తప్ప మరొకటి వాడి చేతిలో నేను చూడలేదు. చాలా సంవత్సరాల తర్వాత, షార్జాలో ఉద్యోగం చేసుకొంటూ సెలవుకు వచ్చినప్పుడు, మాటల సందర్భంలో వాడు కోపం లేకుండానే ఒక మాట అన్నాడు. "నాన్నా, నేను చదివిన కథ మీరు ఒక్కటీ వినలేదు. చదివానో లేదో మాత్రమే విన్నారు." నా దగ్గర సమాధానం లేదు.

అంతకు ముందే, 1990లో, ఈ సంగతి నాకు మరొక ఇంట్లో తెలిసింది. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో ఎర్ణాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటితమైంది. ఆ ఉత్సాహంతో కేరళం అంతటా అక్షరోద్యమం సాగింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగులు సాయంకాలాలలో ఇంటింటికి తిరిగి, చదువు రానివారిని కూడగట్టి, వసారాలలో, పశువుల కొట్టాలలో పాఠాలు చెప్పారు. 1991 ఏప్రిల్ 18న కోళిక్కోడు మైదానంలో రాష్ట్రమంతా అక్షరాస్యమైనదన్న ప్రకటనను చేసినది ఏ మంత్రీ కాదు. కొత్తగా అక్షరాలు నేర్చుకొన్న చేలక్కోడన్ ఆయిషా అనే వృద్ధురాలు.

నా వంతుకు ఏటి ఒడ్డు వచ్చింది. లాంతరు పట్టుకొని వెళ్ళిన మొదటి రాత్రి, వసారాలో కూర్చొన్న ఆడవారిలో ఆ పిల్ల తల్లి ఉన్నది. నేను గుర్తుపట్టలేదు, ఆమె గుర్తుపట్టింది. అలవాటు ప్రకారం ఒక్కొక్కరిని, "ఎందుకు నేర్చుకోవాలనుకొంటున్నారమ్మా?" అని అడిగాను. బస్సు పలక చదువుకోవాలని ఒకరు, కొడుకు ఉత్తరం తానే చదువుకోవాలని ఒకరు చెప్పారు. ఆమె వంతు వచ్చినప్పుడు, "మా పిల్ల పెద్దదవుతున్నది మాషే. రేపు పెళ్ళయి వెళ్ళిపోతే నాకు కథలు చదివిపెట్టేవారెవరు?" అన్నది.

పాఠం ముగిసి అందరూ వెళ్ళిన తర్వాత ఆమె నన్ను ఆపి, "ఒక సంగతి అడగనా?" అన్నది. గ్రంథాలయం నుంచి తెచ్చిన 'పాత్తుమ్మ మేక' చివరి పుటలు చిరిగిపోయాయట. "ఆ మేక చివరికి ఏమయింది? మా పిల్ల తనకు తోచినట్టు చెప్పింది గాని, నాకు నమ్మకం లేదు." బషీర్ పుస్తకాలనే తినివేసిన ఆ మేక కథను ఆమె నాకు మొదటి నుంచి అప్పగించింది. ఏ సందర్భంలో ఎవరు ఏమన్నారో కూడ చెప్పింది. నేను బహుమతులిచ్చిన పిల్లలలో అంత బాగా చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు లోపల నుంచి ఆ పిల్ల వచ్చింది. ఏడవ తరగతిలో ఉన్నది. నన్ను చూసి తల వంచుకొన్నది. నేను అప్పుడే గుర్తుపట్టాను. నాకు ఏమి మాట్లాడాలో తోచక, "ఆ నోటు పుస్తకం ఉన్నదా?" అని అడిగాను. తెచ్చి చేతికిచ్చింది. లాంతరు వెలుగులో పుటలు తిప్పాను. నేను చెల్లదన్న ఆ మొదటి వేలిముద్ర తర్వాత మరొకటి ఉన్నది. దాని తర్వాత మరొకటి. నాలుగు సంవత్సరాలుగా ప్రతి పుస్తకానికీ ఒక పుట, పుటకు పైన పుస్తకం పేరు, కింద దీపపు మసితో తల్లి వేలిముద్ర. సారాంశం ఎక్కడా లేదు. లెక్కపెట్టాను, అరవై ఒకటి.

"మీరు చెల్లదన్నారని ఇంటికి వచ్చి ఏడ్చింది మాషే" అన్నది తల్లి. "బడికి చెల్లకపోతే పోనీ, మన ఇంటికి చెల్లుతుందిలే అన్నాను. రాత్రి నేను ఆకు అల్లుతూ ఉంటాను. అది పక్కన కూర్చొని చదువుతుంది. చేతులకే గదా పని, చెవులకేమి?"

చేతులకు పని, చెవులకు తీరిక. మా నాన్న ఒడిలోని చాట నా కళ్ళకు కట్టింది. ఇరవై ఎనిమిది సంవత్సరాల క్రితం బల్ల మీద కూర్చొని నేను పొందిన భాగ్యమే ఈ పిల్ల ఈ గుడిసెలో పొందుతున్నది. దానిని బడిలోకి తేవడానికి బదులు నేను గడపలోనే ఆపివేశాను. ఆ తల్లిని, ఆ పిల్లను క్షమించమని అడిగాను. సరిగా అడగగలిగానో లేదో తెలియదు. తల్లి నవ్వి, "ముందు మేక సంగతి చెప్పండి" అన్నది. చెప్పాను.

ఆ రాత్రి ఏటి గట్టున నడిచివస్తూ ఆలోచించాను. కొత్తగా చదవడం నేర్చిన పిల్లకు చదువు సుఖం కాదు, చాకిరి. కన్ను ఒక్కొక్క అక్షరాన్ని తడుముకొంటూ పోతుంటే వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరపుకు వస్తుంది. అర్థం చేజారుతుంది. అర్థం లేని చాకిరిని ఎవరు మాత్రం ఇష్టపడతారు? పక్కన ఒకరు వింటూ ఉంటే, జారిపోయే ఆ అర్థాన్ని వారు పట్టుకొని తిరిగి ఇస్తారు. వారు నవ్వితే ఇది నవ్వవలసిన చోటని పిల్లకు తెలుస్తుంది. "ఆ తర్వాత?" అంటే తన గొంతులో ఏదో విలువైనది ఉందని తెలుస్తుంది. బహుమతి చెప్పేది దీనికి వ్యతిరేకం. చదివినందుకు కూలి ఇస్తామంటే చదువు దానంతట అది చేయదగినది కాదని మనమే చెప్పినట్టు. కూలి ఆగిన నాడు పని ఆగుతుంది. నా కొడుకు తాళంచెవి నా బల్ల మీద పెట్టినది అందుకే.

చదువు రాని తల్లిదండ్రుల ఇంట్లో పిల్లలు చదవరని మేము ఉపాధ్యాయుల గదిలో ఎన్నోసార్లు అనుకొన్నాము. అది మా సోమరితనానికి వేసుకొన్న ముసుగు. ఇంట్లో చదివేవారు ఉంటే మంచిదే. లేకపోయినా నష్టం లేదు. వినేవారు లేకపోతేనే నష్టం. వినడానికి అక్షరాలు అక్కరలేదు.

1991 జూన్‌లో బడి తెరవగానే పాత నియమాన్ని రద్దుచేశాను. సారాంశాలు లేవు, సంతకాలు లేవు, బహుమతులు లేవు. పుస్తకం పిల్లలే ఎన్నుకోవాలి. ఇంటికి తీసుకొనిపోయి ఎవరికైనా సరే చదివి వినిపించాలి. మరునాడు నేను పిల్లవాణ్ణి, "నీవు ఏమి నేర్చుకొన్నావు?" అని అడగను. "విన్నవారు ఏమన్నారు?" అని అడుగుతాను. ఇంతే ఏర్పాటు.

ఆ సమాధానాలు నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన ఆస్తి. "ఈ రాజుకంటే మా ఎద్దు నయమని తాత అన్నాడు మాషే." "పులి ఆకలితో ఉంటే అది దాని తప్పా అని అమ్మ అడిగింది." "చెల్లెలు బొమ్మ చూపించమని పుస్తకం చించింది." కల్లు గీసే ఇంటి పిల్లవాడు, అలసి వచ్చిన తండ్రి రెండు పుటలకే నిద్రపోతున్నాడని ఫిర్యాదు చేశాడు. "ఎక్కడ నిద్రపోయాడో గుర్తు పెట్టుకొని రేపు అక్కడి నుంచి చదువు" అన్నాను. వాడు ఒక చిన్న కథను తొమ్మిది రాత్రులు చదివాడు. పదవనాడు, "నాన్న నిద్రపోలేదు మాషే" అని పరుగెత్తి వచ్చి చెప్పాడు. ఒక పిల్ల పొరుగింట మంచాన పడి ఉన్న మాజీ సైనికునికి చదివేది. ఆయన చనిపోయినప్పుడు, సగంలో ఆగిన పుస్తకం ఎవరికి చదవాలని నన్ను అడిగింది. నాకు చదవమన్నాను.

ఈ ఏర్పాటు అన్ని ఇళ్ళలోనూ సాగిందని చెబితే అబద్ధమవుతుంది. తాగి వచ్చే తండ్రి ఉన్న ఇంట్లో దీపం వెలిగించడమే కష్టం. పొద్దు గడవడానికి రెండు చోట్ల పని చేసే తల్లికి కూర్చొనే తీరికే లేదు. అటువంటి పిల్లల కోసం మా ఊరి గ్రంథాలయం అరుగు మీద సాయంకాలం ఒక గంట ఏర్పాటు చేసుకొన్నాము. బీడీ పని మానిన ముసలివారు కొందరు వచ్చి కూర్చొనేవారు. వినడంలో వారిని మించినవారు లేరు.

గ్రంథాలయం మాట వచ్చింది గనుక పి. ఎన్. పణిక్కర్‌ను తలచుకోకుండా ముందుకు పోలేను. ఆయన కూడ బడిపంతులే. 1945లో 47 గ్రంథాలయాలను కలిపి తిరువాంకూరులో గ్రంథశాలా సంఘం స్థాపించి, ఊరూరా తిరిగి అటువంటివి వేలకొలది వెలిసేలా చేశాడు. 1995 జూన్ 19న ఆయన మరణించాడు. 1996 నుంచి ఆ దినాన్ని కేరళం పఠన దినంగా జరుపుకొంటున్నది. ఆనాడు బడులలో ఊరేగింపులు, ప్రతిజ్ఞలు, ఉపన్యాసాలు ఉంటాయి. నేనూ ఎన్నో ఉపన్యాసాలు చేశాను. కాని ఆయన చేసినది పుస్తకాన్ని మనిషి దగ్గరకు నడిపించడం. ఊరి దాకా ఆయన నడిపించాడు. ఊరి నుంచి ఇంటి గడప దాటించి, వంట చేసుకొంటున్న తల్లి చెవి దాకా తీసుకొనిపోగలిగినది మాత్రం ఎనిమిదేళ్ళ పిల్ల ఒక్కతే.

ఏటి ఒడ్డు పిల్ల గొప్ప పండితురాలు కాలేదు. నర్సు అయింది. తల్లి అక్షరాలు నేర్చుకొని, పెద్ద అక్షరాల పుస్తకాలు తానే చదువుకొన్నది. అయినా కూతురు ఇంటికి వచ్చినప్పుడు, "నీవు చదివితేనే బాగుంటుంది" అని పుస్తకం ఆమె చేతికే ఇచ్చేదట.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నీటికాసుల వల్ల చూపు బాగా తగ్గింది. పెద్ద అక్షరాలు కూడ మసకమసకగా కనబడుతున్నాయి. షార్జాలో ఉన్న నా మనుమరాలికి తొమ్మిదేళ్ళు. ఇంగ్లీషు గడగడ చదువుతుంది; మలయాళం చదవడానికి మొరాయిస్తుందని నా కొడుకు చెప్పేవాడు. చెప్పేటప్పుడు నేను ఏమి ఉపదేశిస్తానో అని జంకేవాడు కూడ. నేను ఏ ఉపదేశమూ చేయలేదు. ఒకనాడు ఫోనులో మనుమరాలిని, "అమ్మా, నాకు కళ్ళు కనబడడం లేదు. రోజూ పది నిమిషాలు చదివిపెడతావా?" అని అడిగాను. అది యుక్తి కాదు, నిజంగానే నా అవసరం. బహుశా అందుకే ఆ పిల్ల ఒప్పుకొన్నది.

మొదటి రోజులలో ఒక్కొక్క పదం దగ్గర ఆగేది. మావైపు తండ్రి తండ్రిని 'అచ్ఛాచ్ఛన్' అంటారు. "అచ్ఛాచ్ఛా, ఇది ఏ అక్షరం?" అని అడిగేది. "నాకు కనబడదమ్మా, ఎలా ఉందో చెప్పు" అనేవాణ్ణి. "ఏనుగు తొండంలాగ ఉంది" అని చెబితే అది ఏ అక్షరమో ఇద్దరం కలిసి తేల్చుకొనేవాళ్ళం. తప్పు చదివితే దిద్దను. సంగతి తెలియకపోతే, "ఏమన్నాడు?" అని అడుగుతాను. తానే వెనుకకు వెళ్ళి దిద్దుకొంటుంది. ఇప్పుడు 'పాత్తుమ్మ మేక' చదువుతున్నది. మేక పుస్తకం నమిలివేసిన చోట నవ్వు ఆపుకోలేక ఫోను కింద పడవేసింది. మరునాటి సాయంకాలం దాని కన్నా ముందు నా కొడుకు గొంతు వినబడింది. "నాన్నా, నిన్న నేను వంటింట్లో ఉండి సగమే విన్నాను. అది రావడానికి ఇంకా ఆలస్యం ఉంది. ఆ మేక ఏ పుస్తకం తిన్నది?"

చెప్పాను. ఇంకా ఏవో అడిగాడు. చెప్పినంతసేపూ విన్నాడు. నీతి ఏమిటని నేను అడగలేదు.

దారిలో నన్ను ఆపే తల్లిదండ్రులకు ఇకముందు ఈ వ్యాసమే నా సమాధానం. మీ పిల్లవాడు చదవడం లేదని చింతించేవారు, వానికి పుస్తకం కొనిపెట్టండి, మంచిదే. ఫోను కాసేపు దూరంగా పెట్టండి, అదీ మంచిదే. కాని ముందుగా మీరు ఒక పని చేయండి. రాత్రి కూర తరుగుతూనో, బట్టలు మడత పెడుతూనో, "కాస్త చదివి వినిపించు, నా చేతులు ఖాళీగా లేవు" అని అడగండి. అడిగి నిజంగా వినండి. తప్పులు వెదకకండి. మధ్యలో ఆగిపోతే, మరునాడు ఉదయం వాడు బడికి పోయేముందు, "నిన్న ఎక్కడ ఆపాము?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న కోసం వాడు సాయంకాలం ఇంటికి పుస్తకం తెస్తాడు. నాకు పదకొండేళ్ళప్పుడు అలాగే జరిగింది.